బలెనో ఆర్ఎస్, టియాగో జేటీపీ, అబార్త్ పుంటో: బీఎస్-6కి ఇంజిన్ చాలకా ఆపేశారు, లెక్క కుదరకా?

వరంగల్ టర్బో:

అందరికీ నమస్కారం. సరదాగా నడుపుకోవడానికి సెకండ్ హ్యాండ్ పెట్రోల్ టర్బో హ్యాచ్‌బ్యాక్ చూస్తున్నాను. మూడు కార్ల మీద కన్నుంది: మారుతి బలెనో ఆర్ఎస్, టాటా టియాగో జేటీపీ, ఫియట్ అబార్త్ పుంటో. బీఎస్-6 కాలుష్య నిబంధనల గడువు 2020 ఏప్రిల్ 1. దానికి కాస్త అటూ ఇటూగా మూడూ షోరూంల నుంచి వెళ్లిపోయాయి.

ఎవర్ని అడిగినా "బీఎస్-6 వల్ల" అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. నాకు అక్కడే అర్థం కావట్లేదు. జేటీపీలో ఉన్నది 1.2 రెవోట్రాన్ టర్బో. నెక్సాన్‌లో ఉన్నదీ అదే కుటుంబం ఇంజిన్, అది 2020 జనవరిలోనే బీఎస్-6 అయి 120 పీఎస్‌తో వచ్చింది. 114 పీఎస్ జేటీపీ ఎందుకు కాలేకపోయింది? బలెనో ఆర్ఎస్‌లోని 1.0 బూస్టర్‌జెట్ అయితే 2023లో ఫ్రాంక్స్‌లో మళ్లీ దర్శనమిచ్చింది. ఇంజిన్ మంచిదే అయినప్పుడు కారు ఎందుకు పోయింది?

రెండో సంగతి, ఇవి ఇప్పుడు కొంటే ఏం చూసుకోవాలి? అమ్మేవాళ్లలో సగం మంది "స్టేజ్-2 రీమ్యాప్, డౌన్‌పైప్ వేయించాం" అని గొప్పగా చెప్తున్నారు, అంటే పవర్ కోసం ఇంజిన్ కంప్యూటర్ మ్యాప్, టర్బో వెనక ఎగ్జాస్ట్ గొట్టం మార్చారన్నమాట. అది మంచిదా, చెడ్డదా?

లాంబ్డా ఒకటి:

ముందు ఒక అపోహ తీసేద్దాం. పెట్రోల్ కార్లకి బీఎస్-4 నుంచి బీఎస్-6కి కాగితం మీద అంకెలు పెద్దగా మారలేదు. కార్బన్ మోనాక్సైడ్ పరిమితి అప్పుడూ ఇప్పుడూ కిలోమీటరుకి 1 గ్రామే. నైట్రోజన్ ఆక్సైడ్లు 0.08 నుంచి 0.06కి దిగాయి. అసలు దెబ్బ డీజిల్‌కి తగిలింది. అక్కడ నైట్రోజన్ ఆక్సైడ్లు 0.25 నుంచి 0.08కి, మసి 0.025 గ్రాముల నుంచి 0.0045కి పడిపోయాయి. పోలో జీటీ టీడీఐ పోవడం, ఫియట్ నుంచి వచ్చిన 1.3 మల్టీజెట్ డీజిల్ ఇంజిన్‌ని మారుతి వదిలేయడం ఈ లెక్కలోవే.

మరి పెట్రోల్ టర్బోకి ఏం కష్టం వచ్చింది? పరిమితి కన్నా దాన్ని కొలిచే పద్ధతి, ఎంతకాలం నిలబడాలనేది మారాయి. ఉద్గారాల మన్నిక 80,000 కి.మీ. నుంచి 1,60,000 కి.మీ.కి పెరిగింది. అంటే లక్షన్నర దాటాక కూడా ఎగ్జాస్ట్‌ని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ (క్యాట్) పరిమితి లోపలే పనిచేయాలి. పెట్రోల్‌ని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లకి మసి బరువుతో పాటు కణాల సంఖ్య కూడా లెక్కలోకి వచ్చింది. 2023 ఏప్రిల్ నుంచి ఆర్‌డీఈ, అంటే కారుకి వెనకాల కొలిచే పరికరం కట్టి నిజం రోడ్డు మీద తిప్పే పరీక్ష కూడా ఉత్తీర్ణం కావాల్సి వచ్చింది.

పాత పరీక్ష ల్యాబ్‌లో రోలర్ల మీద జరుగుతుంది. గరిష్ఠ వేగం 90, మొత్తం 20 నిమిషాల లోపు, యాక్సిలరేషన్ చాలా నెమ్మది. ఆ పరీక్షలో టర్బో ఇంజిన్ అసలు శ్రమపడదు. స్పోర్ట్స్ కారుకి ఆ శ్రమపడే చోటే సమస్య.

శ్రీశైలం ఘాట్ ఎక్కుతున్నారనుకోండి. మూడో గేరు, 4,500 ఆర్‌పీఎం, కాలు పూర్తిగా నొక్కి ఉంచారు. టర్బైన్‌లోకి వెళ్లే ఎగ్జాస్ట్ వేడి కొన్ని సెకన్లలోనే 950 డిగ్రీల దగ్గరికి చేరుతుంది. మామూలు టర్బైన్లకి దాదాపు అదే హద్దు. దాటితే టర్బోకీ, దాని వెనకే ఉన్న క్యాట్‌కీ ముప్పు. అప్పుడు ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) చేసే పని ఒక్కటే, కావాల్సిన దానికన్నా ఎక్కువ పెట్రోల్ పోయడం. కాలకుండా మిగిలిన పెట్రోల్ ఆవిరవుతూ వేడిని లాగేసుకుంటుంది. గాలి, పెట్రోల్ పాళ్లని చెప్పే లాంబ్డా (సరిపాళ్లకి 1) 1 నుంచి 0.85కి, ఒక్కోసారి ఇంకా కిందికి వస్తుంది. ఇంజిన్ బతుకుతుంది. కానీ మూడు రకాల విషవాయువులని ఒకేసారి మార్చే క్యాట్ లాంబ్డా 1 దగ్గరే సరిగా పనిచేస్తుంది. ఆక్సిజన్ లేకపోతే కార్బన్ మోనాక్సైడ్‌ని మార్చలేదు, అది నేరుగా బయటికి పోతుంది. డైరెక్ట్ ఇంజెక్షన్ అయితే ఇంకో తలనొప్పి కూడా ఉంది. అంత పెట్రోల్ పిస్టన్ తలమీద తడిగా అంటుకుని, సరిగా కాలక సన్నని మసి కణాలవుతుంది.

ఇక్కడ ఒకటి కచ్చితంగా చెప్పాలి. యూరప్ నిబంధన యూరో 6 రోడ్డు పరీక్షలో కార్బన్ మోనాక్సైడ్‌ని కొలుస్తారు, కానీ పరిమితి పెట్టింది నైట్రోజన్ ఆక్సైడ్లకి, కణాల సంఖ్యకి. కాబట్టి "రిచ్ మిక్స్చర్ వల్లే ఫెయిల్" అనేది సగం నిజం. పట్టుబడేది ఎక్కువగా కణాల దగ్గర. నైట్రోజన్ ఆక్సైడ్లు బయటపడే సందర్భం వేరు. మలుపు ముందు కాలు తీస్తారు, ఇంజెక్టర్లు ఆగుతాయి, ఉత్త గాలి క్యాట్‌లోకి వెళ్లి దాన్ని ఆక్సిజన్‌తో నింపేస్తుంది. మలుపు దాటి మళ్లీ నొక్కగానే, ఆ ఆక్సిజన్ ఖర్చయ్యే దాకా నైట్రోజన్ ఆక్సైడ్లు క్యాట్‌ని ముట్టకుండా దాటిపోతాయి. హుషారుగా నడిపే కారులో ఇది నిమిషానికి పదిసార్లు జరుగుతుంది. కాలు తీసినప్పుడు సైలెన్సర్‌లో టపటపమనే శబ్దం కోసం కావాలని పెట్రోల్ పోసి ఇగ్నిషన్ ఆలస్యం చేసే మ్యాపులకి కొత్త పరీక్షలో చోటు దొరకడం కష్టం.

దీనికి మందులున్నాయి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌ని సిలిండర్ హెడ్‌లోనే పోతపోసి కూలెంట్‌తో చల్లబరచడం, ఇంజెక్షన్ ఒత్తిడిని 200 బార్ నుంచి 350కి పెంచడం, ఎగ్జాస్ట్‌లో కొంత చల్లబరిచి తిరిగి ఇంజిన్‌లోకి పంపడం (ఈజీఆర్), 1,050 డిగ్రీలు తట్టుకునే టర్బైన్ లోహం, క్యాట్‌ని టర్బోకి ఆనించి పెట్టడం, యూరప్‌లో అయితే పెట్రోల్ పార్టిక్యులేట్ ఫిల్టర్. ఇవేవీ పాత ఇంజిన్‌కి బోల్టు బిగించినట్టు తగిలించేవి కావు. హెడ్ మారితే పోత అచ్చు మారాలి. క్యాట్ చోటు మారితే ఇంజిన్ గదిలో వేడి కవచాలన్నీ మారాలి. ఫిల్టర్ పెడితే వెనక ఒత్తిడి పెరిగి పవర్ తగ్గుతుంది. 2018లో యూరప్‌లో గోల్ఫ్ ఆర్ 310 పీఎస్ నుంచి 300కి, ప్యూజో 308 జీటీఐ 270 నుంచి 263కి దిగినప్పుడు జరిగింది ఇదే. అప్పుడు అక్కడ డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ కార్లకి కణాల సంఖ్య పరిమితి కిలోమీటరుకి 6 లక్షల కోట్ల నుంచి 60 వేల కోట్లకి పడింది. పదో వంతు!

పెట్రోల్ పంతులు:

లాంబ్డా గారు ఇంజిన్ సంగతి బాగా చెప్పారు. వరంగల్ టర్బో గారు పట్టుకున్న పాయింటు మాత్రం ఇంజిన్‌ది కాదు, పద్దుది. అదే ఇంజిన్ ఒక కారులో బతికి ఇంకో కారులో పోయిందంటే కారణం ఇంజిన్ బయట వెతకాలి.

అలాంటి జంటలు మన దేశంలోనే మూడున్నాయి. నెక్సాన్, టియాగో జేటీపీ జంట మీరే చెప్పారు. బలెనో ఆర్ఎస్, ఫ్రాంక్స్ రెండోది. మూడోది నాకు అన్నిటికన్నా తేటగా కనిపించేది: ఆక్టేవియా, సూపర్బ్, కోడియాక్. మూడింటిలోనూ 2.0 టీఎస్‌ఐ, 190 పీఎస్, 320 ఎన్ఎం. 2023 ఏప్రిల్‌లో ఆర్‌డీఈ రాగానే ఆక్టేవియా, సూపర్బ్ ఆగిపోయాయి. కోడియాక్ కొత్త నిబంధనలకి మారి మే నెలలోనే వచ్చేసింది. ఇంజిన్‌కి చేతకాదని ఎలా అంటాం?

ఒక వేరియంట్‌కి సర్టిఫికెట్ తేవాలంటే ఏమేం కావాలో చూడండి. ఈసీయూ క్యాలిబ్రేషన్ వేరైతే ఉద్గారాల పరీక్ష వేరు. గేర్ నిష్పత్తులు మారితే ఇంజిన్ తిరిగే వేగం మారుతుంది, పరీక్ష ఫలితం మారుతుంది. జేటీపీలో గేర్ నిష్పత్తులు, ఎగ్జాస్ట్, ట్యూనింగ్ అన్నీ టియాగోవి కావు, నెక్సాన్‌వీ కావు. కాబట్టి నెక్సాన్ సర్టిఫికెట్ దీనికి పనికిరాదు. టెయిల్‌పైప్, ట్యాంకు నుంచి వచ్చే ఆవిరి, మన్నిక, ఓబీడీ (కారు తన లోపాలని తానే పసిగట్టే వ్యవస్థ), ఒక్కోటీ విడిగా తేల్చుకోవాలి. ఆ తర్వాత కూడా ఫ్యాక్టరీ నుంచి మధ్యమధ్యలో కార్లు తీసి మళ్లీ పరీక్షిస్తారు.

ఈ ఖర్చు కార్ల సంఖ్యని బట్టి మారదు. ఉదాహరణకి మొత్తం 15 కోట్లు అనుకోండి, ఇది లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్న అంకె మాత్రమే. 50,000 కార్లు అమ్మితే కారుకి 3,000 పడుతుంది, ఎవరికీ తెలియదు. 1,000 కార్లే అమ్మితే కారుకి లక్షన్నర. ఆ ధరల కారు మీద లక్షన్నర పెంచితే ఆ వెయ్యి మంది కూడా ఉండరు.

దీనికి మోడల్‌కి మిగిలిన ఆయుష్షు కూడా కలపాలి. దీనికి మంచి నిదర్శనం బీఎండబ్ల్యూ. 2018లో యూరప్ నిబంధన ముంచుకొచ్చినప్పుడు ఎం3 సెడాన్ తయారీని మే నెలలోనే ఆపేశారు. దాని అన్నదమ్ముడు ఎం4కి అదే ఇంజిన్, దానికి మాత్రం జులై నుంచి ఫిల్టర్ పెట్టి కొనసాగించారు. ఎం3 ఎలాగూ కొద్ది నెలల్లో ముగియాల్సిన కారు, ఎం4కి ఇంకా ఏళ్లు మిగిలి ఉన్నాయి. తేడా అంతే.

అబార్త్ పుంటో కథ ఇంకొంచెం బరువు. 1.4 టీ-జెట్, 145 హెచ్‌పీ, 212 ఎన్ఎం. 2015లో పది లక్షల లోపు ధరకి అంత పికప్ ఇంకెవరూ ఇవ్వలేదు. కానీ దానికి మూడు వైపుల నుంచి ఉచ్చు బిగిసింది. 2019 అక్టోబరు నుంచి పాత మోడళ్లకి కూడా క్రాష్ నిబంధనలు, వెంటనే బీఎస్-6, పైగా నాలుగు మీటర్ల లోపు కారే అయినా ఇంజిన్ 1,200 సీసీ దాటడంతో చిన్నకారు పన్ను రాయితీ లేదు. అదే ఫ్యాక్టరీ నుంచి వచ్చే జీప్ కంపాస్‌లోని 1.4 మల్టీఎయిర్‌ని బీఎస్-6 చేశారు. పుంటో తరం ముగింపుకి వచ్చేసింది కాబట్టి టీ-జెట్ మీద డబ్బు పెట్టలేదు.

వరంగల్ టర్బో:

ఇప్పుడు తలకెక్కింది, చాలా థాంక్స్ ఇద్దరికీ. మరి కెఫే నిబంధన సంగతేంటి? "మైలేజీ సగటు పడిపోతుందని స్పోర్ట్స్ మోడళ్లు ఆపేస్తున్నారు" అని చాలా చోట్ల చదివాను. అదే నిజమైతే 2025లో గోల్ఫ్ జీటీఐ, ఆక్టేవియా ఆర్ఎస్ మళ్లీ ఎలా వచ్చాయి?

పెట్రోల్ పంతులు:

కెఫే అంటే కంపెనీ అమ్మిన మొత్తం కార్ల ఇంధన వాడకం సగటు మీద పెట్టిన పరిమితి. 2022-23 నుంచి రెండో దశ నడుస్తోంది. సగటు బరువు 1,145 కిలోలైతే 100 కి.మీ.కి సుమారు 4.77 లీటర్లు, అంటే 113 గ్రాముల కార్బన్ డయాక్సైడ్. బరువు పెరిగితే పరిమితి కొంచెం సడలుతుంది. 2022 సవరణ చట్టం ప్రకారం 0.2 లీటర్ల లోపు దాటితే అమ్మిన ప్రతి కారుకీ 25,000, అంతకు మించితే 50,000 జరిమానా. లక్ష కార్లు అమ్మే కంపెనీ 0.1 దాటినా 250 కోట్లు!

భయపెట్టే అంకె ఇది. కానీ స్పోర్ట్స్ వేరియంట్ వాటా ఎంతో కూడా వేసి చూడండి. లక్షలో 500 కార్లు, ఒక్కోటి సగటు కన్నా 2 లీటర్లు ఎక్కువ తాగినా సగటు కదిలేది 0.01 లీటరు. కంపెనీ సరిగ్గా గీత మీద నిలబడి ఉంటే తప్ప ఆ 0.01 ఎవరినీ కదిలించదు. అందుకే మన దగ్గర పోయిన చిన్న టర్బోల విషయంలో కెఫేని ప్రధాన దోషిగా నేను ఒప్పుకోను. సర్టిఫికెట్ ఖర్చే దోషి.

యూరప్‌లో అలా కాదు. అక్కడ సగటు దాటిన ప్రతి గ్రాముకీ, అమ్మిన ప్రతి కారుకీ 95 యూరోలు. లక్ష్యం 95 గ్రాములున్నప్పుడు 185 గ్రాముల హాట్ హ్యాచ్ ఒక్కటి అమ్మితే, గీత మీదున్న కంపెనీకి ఆ ఒక్క కారు మీద 90 గ్రాములు, అంటే 8,550 యూరోల బరువు. పైగా దేశాల పన్నులు వేరే. ఫ్రాన్స్‌లో 2024లో 193 గ్రాములు దాటిన కారుకి రిజిస్ట్రేషన్ రోజే 60,000 యూరోలు కట్టాలి. హ్యుందాయ్ ఐ20 ఎన్, ఐ30 ఎన్ 2024లో అక్కడ ఆగిపోయాయి, బాగా అమ్ముడవుతున్న పేరే అయినా. ఆ కార్లు పోవడం నిజంగా బాధాకరం. ఐ20 ఎన్‌లా 204 పీఎస్, మాన్యువల్ గేర్‌బాక్స్, అంత తేలికైన చిన్న కారు ఇప్పుడు కొత్తగా ఎవరూ మొదలుపెట్టరు.

ఇక గోల్ఫ్ జీటీఐ, ఆక్టేవియా ఆర్ఎస్. అవి పూర్తిగా తయారై దిగుమతి అయ్యే కార్లు. 2018 నోటిఫికేషన్ ప్రకారం విదేశీ ప్రమాణాలకి సర్టిఫికెట్ ఉన్న కార్లని ఏడాదికి 2,500 దాకా ఇక్కడ మళ్లీ హోమోలోగేషన్ (సర్టిఫికెట్ పరీక్షలు) చేయించకుండానే తేవచ్చు. అంటే నేను పైన చెప్పిన ఆ స్థిర ఖర్చు ఇక్కడ పడదు. బదులుగా దిగుమతి సుంకం కొనేవాడి నెత్తిన పడుతుంది. అందుకే 265 పీఎస్ ఆక్టేవియా ఆర్ఎస్ 100 కార్లే వచ్చింది, షోరూం ధర 49.99 లక్షలు. గోల్ఫ్ 2025లో వచ్చినప్పుడు 53 లక్షలు. 2020లో ఆర్ఎస్ 245 కూడా ఇదే దారిలో 200 కార్లు వచ్చింది, అప్పుడు 35.99 లక్షలు.

గోదారి గేర్‌బాక్స్:

కొనే సంగతికి వద్దాం. మూడూ పెట్రోల్ బీఎస్-4, పేరు మార్పిడికి ఏ అడ్డంకీ లేదు. వేరే రాష్ట్రం బండైతే అక్కడి ఆర్టీఏ ఎన్‌ఓసీ, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ లెక్క వేసుకున్నాకే బేరం ఆడండి.

ఇంజిన్ రాత్రంతా ఆగి ఉండాలి, పొద్దున మీ ముందే స్టార్ట్ చేయించండి. వేడిచేసి ఉంచిన బండి అయితే ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి.

ఒక ఓబీడీ స్కానర్ తీసుకెళ్లండి. లోపం కోడ్ లేదంటే బాగున్నట్టు కాదు, ముందు రెడీనెస్ మానిటర్లు (కారు స్వీయపరీక్షలు పూర్తయ్యాయో లేదో చెప్పేవి) చూడాలి. క్యాటలిస్ట్ మానిటర్ "పూర్తికాలేదు" అని చూపిస్తుంటే ఎవరో ఈ మధ్యే కోడ్లు తుడిచేశారని అనుమానించాలి. ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోల్‌ని ఎంత పెంచి తగ్గించి సరిచేస్తోందో చెప్పే అంకె), షార్ట్ టర్మ్ లాంగ్ టర్మ్ కలిపి ప్లస్ మైనస్ 10 శాతం లోపుండాలి. ప్లస్ 15 దాటితే ఎక్కడో గాలి లీకో, ఇంజెక్టర్ సమస్యో ఉంది. పీ0299 కోడ్ వస్తే టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి (బూస్ట్) చాలట్లేదు. ఇంటర్‌కూలర్ గొట్టం చీలికతో మొదలుపెట్టి వెతకాలి, నేరుగా టర్బో పోయిందనుకుని ధర లెక్కలు వేయొద్దు. కంప్రెషన్ పరీక్షలో సిలిండర్ల మధ్య తేడా 10 శాతం మించకూడదు.

ఇక ఒక్కో కారుకి. అబార్త్‌లో టైమింగ్ బెల్టు ఉంటుంది. మార్చిన బిల్లు చూపించలేకపోతే మార్చలేదనే లెక్క, కొన్న వారమే బెల్టు, టెన్షనర్, వాటర్ పంపు కలిపి మార్పించేయండి. బలెనో ఆర్ఎస్ డైరెక్ట్ ఇంజెక్షన్. పెట్రోల్ ఇన్‌టేక్ వాల్వుల మీద పడదు కాబట్టి వాటి వెనక మసి గడ్డ కడుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఐడిల్ వణుకుతుంటే ముందు అదే చూడాలి. ట్యాంకులో పోసే క్లీనర్ సీసాలు ఆ చోటికి చేరనే చేరవు, మానిఫోల్డ్ విప్పి శుభ్రం చేయాల్సిందే. జేటీపీ, అబార్త్‌లకి పోర్ట్ ఇంజెక్షన్, ఈ బాధ లేదు.

స్పేర్లలో భయపడాల్సింది ఇంజిన్ గురించి కాదు. జేటీపీ డోర్లు, అద్దాలు, లోపలి సామాను టియాగోవే. దొరకనివి దాని ముందు బంపర్, బోనెట్, స్ప్రింగులు, అలాయ్‌లు. ఒక చిన్న గుద్దుకే నెలలు ఆగాల్సి రావచ్చు, అందుకే ముందు వైపు గుద్దుకున్న జేటీపీ ఎంత చవకైనా వదిలేయండి. బలెనో ఆర్ఎస్‌కి ఫ్రాంక్స్ రావడం వరం, కానీ పార్ట్ నంబర్ సరిచూడకుండా "అదే ఇంజిన్ కదా" అని ఏదీ కొనొద్దు. మూడింట్లో రోజూ వాడుకోవడానికి నా ఓటు బలెనో ఆర్ఎస్‌కే. నడపడంలో మాత్రం అబార్త్ దగ్గరికి ఏదీ రాదు.

లాంబ్డా ఒకటి:

డౌన్‌పైప్ గురించి అడిగారు కదా, అది మిగిలిపోయింది. అమ్మకానికి వచ్చే డౌన్‌పైపుల్లో చాలా వాటికి అసలు క్యాట్ ఉండదు. క్యాట్ తీసేసిన కారు ఎగ్జాస్ట్ వాసన, శబ్దంతోనే కొంత తెలిసిపోతుంది, కానీ నిర్ధారించుకునే పద్ధతి ఇది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక 2,500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచి, స్కానర్‌లో వెనక ఆక్సిజన్ సెన్సర్ వోల్టేజీ గ్రాఫ్ చూడండి. మంచి క్యాట్ ఉంటే గీత 0.6, 0.7 వోల్టుల దగ్గర దాదాపు నిలకడగా ఉంటుంది. 0.1కీ 0.9కీ మధ్య గబగబా ఎగిరిపడుతుంటే క్యాట్ చచ్చిపోయినట్టో, అసలు లేనట్టో లెక్క. ఏమాత్రం కదలకుండా గీసిన గీతలా ఉండి, కాలు తీసినా 0 వైపు పడకపోతే ఇంకా అనుమానించండి, సెన్సర్‌ని మోసం చేసే పరికరం పెట్టి ఉండొచ్చు. క్యాట్‌కి ముందున్న సెన్సర్ వైడ్‌బ్యాండ్ రకం అయితే అది మామూలుగానే ఎగరదు, దానితో పోల్చొద్దు.

బీఎస్-4 పెట్రోల్‌కి పొల్యూషన్ పరీక్ష సరిగా చేస్తే ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు. 2,500 ఆర్‌పీఎం దగ్గర మోనాక్సైడ్ 0.2 శాతం, లాంబ్డా 0.97 నుంచి 1.03 మధ్య ఉండాలి. క్యాట్ లేని కారు ఇందులో నిలవడం చాలా కష్టం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని అలా మార్చడమే తప్పు, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో కూడా అది మీ మెడకే చుట్టుకుంటుంది. కాబట్టి డౌన్‌పైప్ వేసిన బండి నచ్చితే, కంపెనీ ఒరిజినల్ డౌన్‌పైప్, క్యాట్ చేతిలో పెట్టి, ఈసీయూలో కంపెనీ మ్యాప్ తిరిగి వేయించి ఇస్తేనే బేరం అనండి. "అవి ఎక్కడో పడేశాం" అంటే కొత్త క్యాట్ ధర షోరూంలో కనుక్కుని, అది ధరలోంచి కోసేయండి. రీమ్యాప్ చేసిన బండి అయితే గోదారి గారు చెప్పిన కంప్రెషన్ పరీక్ష తప్పనిసరి, దాంతోపాటు స్పార్క్ ప్లగ్గులు విప్పించి చూడండి. పింగాణీ మీద సన్నటి మెరిసే అల్యూమినియం చుక్కలు కనిపిస్తే ఆ ఇంజిన్ నాకింగ్‌లో పిస్టన్ కరిగించుకుంటోంది, అక్కడితో లేచి వచ్చేయండి.

వరంగల్ టర్బో:

ఆదివారం హన్మకొండలో ఒక బలెనో ఆర్ఎస్ చూడబోతున్నాను, 2018 మోడల్. స్కానర్ ఆర్డర్ పెట్టాను. వెనక సెన్సర్ గ్రాఫ్, ఫ్యూయల్ ట్రిమ్ అంకెలు ఇక్కడే పెడతాను, దయచేసి చూసి చెప్పండి.